వాగు పక్క ఊరికి ముంపు ప్రణాళిక: గీత నుంచి మొక్క దాకా సమగ్ర మార్గదర్శి

మున్సిపాలిటీల్లో, మేజర్ పంచాయతీల్లో పనిచేసే మిత్రులు ఫోన్ చేసి అడిగే ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది. "వాగు అభివృద్ధికి నిధులొచ్చాయి సార్, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అప్పటికే వాకింగ్ ట్రాక్ డిజైన్ అయిపోయి ఉంటుంది, నర్సరీకి మొక్కల ఆర్డర్ వెళ్లిపోయి ఉంటుంది.

ఈ పనిలో వరస తప్పితే డబ్బు నీళ్లపాలే. ముందు ముంపు గీత, అంటే వరద నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే హద్దు, తర్వాత ఆ గీతకు ఊరి ఒప్పుకోలు, ఆ తర్వాత నీటికి దారి, చివర్లో మొక్క. ఇది ఊరి మధ్య నుంచో పక్క నుంచో వాగు పారే పట్టణాలకు, పెద్ద గ్రామాలకు రాసింది. గెడ్డ, ఏరు, నాలా అని ఎవరి ప్రాంతంలో ఏ పేరున్నా పద్ధతి ఒకటే. మొత్తం పనికి మూడేళ్లు పెట్టుకోండి. ఒక్క ఏడాదిలో అయిపోతుందని ఎవరైనా చెబితే వాళ్లు గోడ కట్టడం గురించి మాట్లాడుతున్నారని అర్థం.

## 1. వాగు ఎవరిదో ముందు తేల్చుకోండి

వాగు గర్భం సాధారణంగా రెవెన్యూ రికార్డుల్లో ప్రభుత్వ భూమి. నీటి పారుదల చూసేది జలవనరుల శాఖ, తెలంగాణలో నీటిపారుదల శాఖ. పక్కన ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇచ్చేది మున్సిపాలిటీ. చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. ఇవన్నీ ఒకే వాగు మీద ఉన్నా ఫైళ్లు మాత్రం నాలుగు ఆఫీసుల్లో తిరుగుతాయి.

అందుకే మొదటి పని పలుగూ పారా కాదు, కౌన్సిల్ తీర్మానం. పంచాయతీ అయితే గ్రామసభ తీర్మానం. అందులో మూడు ముక్కలు స్పష్టంగా ఉండాలి: ఏ సర్వే నంబర్ నుంచి ఏ సర్వే నంబర్ దాకా పని, దానికి బాధ్యుడైన ఒకే ఒక్క అధికారి ఎవరు, ఊరి తరఫున కమిటీలో ఎవరెవరు.

ఆ కమిటీకి కొత్త పేరు పెట్టక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. చాలాచోట్ల అది కాగితం మీదే ఉంటుంది. దాన్నే లేపి కూర్చోబెట్టండి, చట్టబద్ధత ఊరికే వస్తుంది.

మొదలు పెట్టేముందు చేతిలో ఉండాల్సినవి:

- తీర్మానం నకలు, బాధ్యుడైన అధికారి నియామక ఉత్తర్వు
- గ్రామ పటం, వాగును ఆనుకున్న ప్రతి సర్వే నంబర్ ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం)
- సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటు (ఎత్తుపల్లాలు చూపే పటం)
- మండల వర్షపాతం లెక్కలు, కనీసం 20 ఏళ్లవి
- జలవనరుల శాఖ దగ్గరున్న పాత వరద మట్టాలు, చెరువుల అలుగుల వివరాలు
- మాస్టర్ ప్లాన్ ఉంటే అది, లేకపోతే గత పదేళ్లలో ఇచ్చిన లేఔట్ అనుమతుల జాబితా

## 2. వాగును పైనుంచి కిందికి నడవండి

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నడవండి. నీళ్లు తగ్గి వాగు అడుగు కనిపిస్తుంది, ఎండ ఇంకా ముదరదు. ఇద్దరు ఇంజనీర్లు, సర్వేయర్, ఆ ఒడ్డున పుట్టి పెరిగిన ఒక మనిషి చాలు. కారులో వంతెన నుంచి వంతెనకు పోతే మధ్యలో ఉన్నదేదీ తెలియదు.

నడుస్తూ రాసుకోవాల్సింది: వెడల్పు ఎక్కడ హఠాత్తుగా సగమైంది, ఏ కల్వర్టు దగ్గర చెత్త పేరుకుంది, ఏ మురుగు కాల్వ ఎక్కడ కలుస్తోంది, ఒడ్డు ఎక్కడ కోసుకుపోతోంది, పాత మడుగులు ఎక్కడున్నాయి, వాగు గర్భంలో బోర్లు, పైపులైన్లు, కరెంటు స్తంభాలు ఎక్కడున్నాయి.

అన్నిటికన్నా ముఖ్యం, వాగు చివర ఎక్కడ కలుస్తుందో అక్కడిదాకా వెళ్లడం. మీ పరిధి దాటినా వెళ్లండి. విజయవాడ బుడమేరు చెప్పే పాఠం ఇదే. వెలగలేరు రెగ్యులేటర్ నుంచి మళ్లింపు కాల్వ వెళ్లి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి పారాయి. నది నిండుగా ఉన్నప్పుడు కాల్వ నీరు అందులోకి దిగదు, వెనక్కి తంతుంది. మళ్లింపు కాల్వకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి.

కాబట్టి మీ వాగు మోయగల నీటి లెక్క వేసేటప్పుడు, కలిసేచోట నదో చెరువో నిండి ఉందనుకునే వేయండి. రెండూ ఒకే వానకు పొంగుతాయి మరి.

## 3. ముంపు గీత గీయడం

ఇదే అసలు పని. మొత్తం సమయంలో మూడో వంతు దీనికే పోయినా బాధపడొద్దు.

### 3.1 ఊరి జ్ఞాపకాన్ని కొలవండి

వాగు పక్క వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి, ఏ ఏడాది నీళ్లు ఎంతెత్తు వచ్చాయో గోడ మీద చూపించమనండి. "ఈ గూటిదాకా వచ్చింది బాబూ, దీపం పెట్టుకునే గూటిదాకా" అని ఓ పెద్దాయన చెయ్యి పెట్టి చూపిస్తాడు. అక్కడ పెయింట్‌తో గీత కొట్టి, తేదీ రాసి, ఫొటో తీసి, ఆటో లెవెల్‌తో దాని మట్టం కొలవండి.

ఒక్కరి మాట నమ్మొద్దు. ఒకే వీధిలో కనీసం మూడు ఇళ్ల గుర్తులు తీసుకుని పోల్చండి. అర అడుగు లోపు తేడా ఉంటే సరే. రెండడుగులు తేడా వస్తే ఎవరో వేరే ఏడాది వరద చెబుతున్నారన్నమాట.

నీళ్లు ఏ వైపు నుంచి వచ్చాయో కూడా అడగండి. తెలంగాణలో ఒక పట్టణంలో మేమంతా వాగు గట్టు లెవెల్స్ తీస్తుంటే ఓ పెద్దావిడ నవ్వింది. "వాగు దిక్కుకెల్లి రాలే బిడ్డా, యెనక మోరీలకెల్లి తన్నుకొచ్చినయ్ నీళ్లు." ఆమె చెప్పింది నిజమే. మురుగు కాల్వ చివర తలుపు లేదు, వాగు నిండగానే నీళ్లు ఆ కాల్వలోంచే వెనక్కి ఊళ్లోకి ఎక్కాయి. అక్కడ గోడ కట్టి ఉంటే లోపల చెరువయ్యేది. ఒకవైపే తెరుచుకునే ఫ్లాప్ గేటుతో ఆ వీధి గండం గట్టెక్కింది.

### 3.2 లెవెల్స్ తీయించండి

ఊళ్లో ప్రతి 50 మీటర్లకు, ఊరి బయట 100 మీటర్లకు ఒక అడ్డకోత, అంటే వాగుకు అడ్డంగా నేల ఎత్తుల కొలత, తీయించండి. అడ్డకోత అంటే గట్టు నుంచి గట్టు దాకా కాదు. రెండు వైపులా గుర్తున్న అతిపెద్ద వరద ఎక్కడ ఆగిందో అక్కడిదాకా. కన్సల్టెంట్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఉపగ్రహాల నుంచి ఉచితంగా దొరికే ఎత్తుల పటాలు పరీవాహకం (వాగులోకి నీళ్లు చేరే నేల మొత్తం) హద్దు గీయడానికి పనికొస్తాయి, ఇంటి గడప మట్టం చెప్పడానికి పనికిరావు. వాటిలో పొరపాటు మీటర్లలో ఉంటుంది. మీకు కావాల్సింది అంగుళాల్లో.

లెవెల్స్ చేతికొచ్చాక హెక్-రాస్ వంటి, వరద మట్టం లెక్కకట్టే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేయించవచ్చు. కానీ అది చెప్పిన మట్టాన్ని గోడల మీద పెయింట్ గీతలతో పోల్చకుండా సంతకం పెట్టకండి.

### 3.3 చేతి లెక్క ఒకటి మీరే వేసుకోండి

చిన్న పరీవాహకాలకు ఈ లెక్క చాలు: పారే వంతు × గంటకు వాన మిల్లీమీటర్లలో × హెక్టార్లు ÷ 360. జవాబు సెకనుకు ఘనపు మీటర్లలో వస్తుంది.

ఉదాహరణకు 5 చదరపు కిలోమీటర్లు, అంటే 500 హెక్టార్లు. గంటకు 60 మిల్లీమీటర్ల వాన. అందులో సగం ఇంకకుండా పారుతుందనుకోండి. 0.5 × 60 × 500 ÷ 360 = దాదాపు 42. క్యూసెక్కుల్లో 1,470. అదే నేల మీద లేఔట్లు పడి సిమెంటు పరుచుకుంటే పారే వంతు 0.75 అవుతుంది, నీళ్లు 2,200 క్యూసెక్కులు అవుతాయి. వాన మారలేదు, నేల మారింది.

ఇప్పుడు కల్వర్టు చూడండి. 1.2 మీటర్ల వ్యాసం పైపులు రెండు వేస్తే, నీళ్లు సెకనుకు 2 మీటర్ల వేగంతో పోయినా 160 క్యూసెక్కులకు మించి దాటవు. మిగతావన్నీ రోడ్డెక్కుతాయి. ఈ రెండు అంకెలు కౌన్సిల్ మీటింగులో బోర్డు మీద రాస్తే పది స్లైడ్లు అక్కర్లేదు.

### 3.4 మూడు గీతలు

నేల మీద మూడు గీతలు తేలాలి. తరచూ మునిగేది, 25 ఏళ్ల వరద, 100 ఏళ్ల వరద.

"వందేళ్ల వరద" అనగానే జనం "ఓ, మన మనవల కాలానికి కదా" అంటారు. దాని అర్థం ఏటా నూటికి ఒక వంతు అవకాశం అని. ఇంటి లోను తీరే 30 ఏళ్లలో అది ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. ఇలా చెబితే ముఖాలు మారతాయి.

గుర్తున్న పెద్ద వరదే ఆఖరి వరద అనుకోవద్దు. ఖమ్మంలో మున్నేరు 2023 జులైలో 30 అడుగులు దాటింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 1న 36 అడుగుల దాకా వచ్చింది. 2023 గుర్తులతో గీత గీసుకున్నవాళ్ల గీత ఏడాదిన్నర తిరక్కుండానే మునిగింది. లెక్కలో వచ్చిన మట్టం, చూసిన మట్టం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోండి. దాని మీద రెండడుగులు అదనంగా వదలండి.

### 3.5 బఫర్ వేరు, ముంపు గీత వేరు

ఈ రెండింటినీ కలిపేస్తే కోర్టులో ఇబ్బంది పడతారు. తెలంగాణలో 2012 నాటి భవన నిబంధనలు (జీవో 168), ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటివి (జీవో 119) జలవనరుల పక్కన వదలాల్సిన దూరాలు చెబుతాయి. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగుకు హద్దు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 2 మీటర్లు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు.

బఫర్ అంటే ఇదే, చట్టం చెప్పే కనీస దూరం. ముంపు 9 మీటర్ల దగ్గర ఆగిపోదు, పల్లం ఉన్నంతదూరం పోతుంది. బఫర్ లోపల నిర్మాణం చట్టవిరుద్ధం. బఫర్ బయట, ముంపు గీత లోపల ఉన్న పట్టాదారు తప్పు చేయలేదు, ప్రమాదంలో ఉన్నాడు. ఇద్దరికీ ఒకే నోటీసు పంపకండి.

ఇంకో మాట. 2017 చిత్తడి నేలల నిబంధనలు మీ వాగును కాపాడతాయని డీపీఆర్‌లో (ప్రాజెక్టు నివేదికలో) రాస్తున్నారు కొందరు. నదీ ప్రవాహ మార్గాలు, వరి పొలాలు, సాగునీటి కోసం కట్టిన చెరువులు వాటి నిర్వచనంలోకి రావు.

## 4. గీతను నేల మీదికి దించండి

కొల్లేరు అభయారణ్యం హద్దు +5 అడుగుల కాంటూరు, అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీత. గట్టు మీద నిలబడ్డ రైతుకు కాంటూరు కనిపించదు. దాన్ని +3కి తగ్గించాలన్న డిమాండు, నా భూమి లోపలా బయటా అన్న తగువు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉన్నాయి. మీ గీతకు ఆ గతి పట్టకూడదంటే రాళ్లు పాతాలి.

తహసీల్దార్‌కు రాసి మండల సర్వేయర్‌తో ప్రతి 50 మీటర్లకు, ప్రతి మలుపు దగ్గర హద్దురాయి వేయించండి. రాయి మీద నంబర్, మట్టం చెక్కించండి. డీజీపీఎస్ (ఉపగ్రహాల సాయంతో చోటును కచ్చితంగా చెప్పే పరికరం) కొలతలు పట్టికలో ఎక్కించండి. పక్క రైతుల సంతకాలతో పంచనామా రాయించండి.

గీత లోపలి భూమిని నాలుగు రకాలుగా విడదీసుకోండి:

- వాగు పోరంబోకు, ఖాళీగా ఉన్నది: వెంటనే కంచె, బోర్డు
- పోరంబోకే, కానీ ఇళ్లో పంటో ఉన్నది: సర్వే, ప్రత్యామ్నాయం, ఆ తర్వాతే తరలింపు
- అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) లేదా శిఖం (చెరువు గర్భం) భూమి: రెవెన్యూ రికార్డు తేలేదాకా పని పెట్టొద్దు
- సొంత పట్టా: కొనాలా, సాగు అలాగే ఉంచి ఒప్పందం చేసుకోవాలా అన్నది విడిగా తేల్చాలి

మూడో రకం దగ్గర ఓపిక కావాలి. పాత పహాణీలు, సేత్వార్, అడంగల్, ఆర్‌ఎస్‌ఆర్ లాంటి భూమి రికార్డులన్నీ ముందేసుకుని కూర్చుంటే తప్ప తేలదు.

నాలుగో రకానికి కొనడమొక్కటే మార్గం కాదు. ఏడాదిలో పది రోజులు మునిగే పొలంలో మిగతా కాలం వరి, గడ్డి, కూరగాయలు పండుతాయి. మెరక వేయను, గోడ కట్టను అని రైతు రాసిస్తే ఆ పొలమే మీకు చెరువు. ఒక హెక్టారులో మీటరు లోతు నీళ్లు నిలిస్తే కోటి లీటర్లు. అంత నిల్వకు సిమెంటు ట్యాంకు కడితే ఎంతవుతుందో మీ అసిస్టెంట్ ఇంజనీర్‌ను (ఏఈ) అడగండి.

## 5. ఊరితో కూర్చోవడం

ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఉదయం పదకొండుకు మున్సిపల్ ఆఫీసులో షామియానా కాదు. ఆ వేళకు వచ్చేవాళ్లు కౌన్సిలర్లు, కాంట్రాక్టర్లు. వాగుతో బతికేవాళ్లు పనిలో ఉంటారు.

సాయంత్రం ఏడు తర్వాత, వాగు పక్క బస్తీలోనే పెట్టండి. ఆరడుగుల పటం ప్రింట్ తీయించి నేల మీద పరవండి. గోడకు తగిలిస్తే ముందు వరసలోవాళ్లే చూస్తారు, నేల మీద ఉంటే అందరూ వంగి తమ ఇల్లు వెతుక్కుంటారు.

విడిగా పిలవాల్సినవాళ్లు: రేవు మీద ఆధారపడ్డ రజకులు, చేపలు పట్టేవాళ్లు, బర్రెలు కాసేవాళ్లు, కౌలు రైతులు, మహిళా సంఘాలు, ఇసుక బండ్లవాళ్లు. కౌలు రైతు పేరు ఏ రికార్డులోనూ ఉండదు, నష్టం మాత్రం మొదట ఆయనకే. శ్మశానం వాగు ఒడ్డున ఉంటే ఆ కులపెద్దలతో మాట్లాడకుండా ఆ వైపు జేసీబీ పంపొద్దు.

ఎక్కువగా వచ్చే మూడు ప్రశ్నలకు ముందే జవాబు సిద్ధం చేసుకోండి.

"గోడ కట్టేయొచ్చు కదా?" కట్టొచ్చు. అయితే ఎదుటి ఒడ్డు, కింది ఊరు ఎంత మునుగుతాయో లెక్క చూపించాలి. లోపలి వాన నీళ్లు బయటికి పోయే దారీ చూపించాలి.

"నా స్థలం రేటు పడిపోదా?" ఈ భయం నిజమైనదే, కొట్టిపారేయకండి. మునుగుతుందని తెలియక కొన్నవాళ్ల సంగతి కూడా అక్కడే ప్రస్తావించండి.

"మడుగులు తవ్వితే దోమలు రావా?" మురుగు నిలిస్తే వస్తాయి. చేపలు, కప్పలు, తూనీగలు ఉన్న నీటిలో తక్కువ. కానీ దోమల కోసం గంబూషియా చేపలు వదలడానికి ఒప్పుకోకండి, అవి మన చేపపిల్లల్నీ తోక కప్పల్నీ తినేస్తాయి.

## 6. ఏ గీత లోపల ఏమి ఉండొచ్చు

ముంపు ప్రాంతాల నియంత్రణకు కేంద్రం 1975లోనే నమూనా బిల్లు పంపింది. మణిపుర్, రాజస్థాన్ లాంటి కొద్ది రాష్ట్రాలే చట్టం చేశాయి. మన రెండు రాష్ట్రాల్లో ప్రత్యేక చట్టం లేదు కాబట్టి మాస్టర్ ప్లాన్‌లో జోన్‌గా చేర్చడమే మీకున్న గట్టి దారి. జాతీయ మార్గదర్శకాల తర్కాన్నే తీసుకోండి:

- తరచూ మునిగే నేల: పార్కు, ఆటస్థలం, పచ్చిక, సాగు. గోడలు, మెరక వేయడం నిషేధం.
- 25 ఏళ్ల గీతకు పైన: ఇళ్లు, మామూలు ఆఫీసులు.
- 100 ఏళ్ల గీతకు పైన: ఆసుపత్రి, సబ్‌స్టేషన్, తాగునీటి పంపుహౌస్, ఫైర్ స్టేషన్.

ఇప్పటికే లోపల ఉన్న సబ్‌స్టేషన్‌ను ఎత్తుకెళ్లలేరు. ప్యానెళ్లను వరద మట్టానికి మూడడుగులు పైకి లేపించండి. వరదలో కరెంటు పోతే నీళ్ల మోటార్లు ఆగుతాయి, సెల్ టవర్లు ఆగుతాయి, ఆ తర్వాత ఎవరు ఎక్కడున్నారో తెలియదు.

## 7. వాగును బాగుచేసే పనుల వరస

### 7.1 మొదట చెత్త, మురుగు

పైన డంపింగ్ యార్డు ఉంచుకుని కింద మొక్కలు నాటడం దండగ. చెత్త పడే చోట్లకు లారీ వెళ్లకుండా కందకం తవ్వండి. పెద్ద మురుగు కాల్వల్ని మళ్లించండి. మళ్లించలేని చిన్నవాటికి మూతి దగ్గర బురద దిగే గుంట, దాని తర్వాత జమ్ము, తుంగ నాటిన మడి పెట్టండి. గుంటను ఏటా తీయించే ఖర్చు బడ్జెట్‌లో కనిపించాలి.

### 7.2 ఇరుకులు తెరవండి

కింది నుంచి పైకి తెరుచుకుంటూ రండి. ముందు పైన తెరిస్తే నీళ్లు వేగంగా వచ్చి కింద ఇరుకు దగ్గర కొత్త వీధిని ముంచుతాయి. నేను చూసిన అతి ఖరీదైన తప్పు ఇదే. పనిచేసినవాళ్లు మంచి ఇంజనీర్లే, బిల్లు త్వరగా అవుతుందని పైభాగం టెండర్ ముందు పిలిచారు, అంతే.

పూడిక తీతలో మొత్తం అడుగును బల్లపరుపుగా చెక్కేయకండి. మడుగు, తిన్నె, మడుగు, తిన్నె అన్న వరస చెడితే వేసవిలో చేప దాక్కోవడానికి చోటుండదు. పూడిక తీత పేరుతో ఇసుక ఎత్తుకుపోయే ప్రమాదం ఉంది కనుక ఎన్ని ట్రిప్పులు, ఎక్కడికి అన్నది వార్డు కమిటీ పుస్తకంలో రాయాలి.

### 7.3 వాగుకు పక్క చోటివ్వండి

స్థలం ఉన్నచోట ఒక ఒడ్డును మెట్టులా దించండి. మామూలు నీళ్లు నడి పాయలో పోతాయి, వరద వచ్చినప్పుడు మెట్టు మీదికి పరుచుకుంటుంది. పూడ్చేసిన పాత మడుగులుంటే నోరు తెరిచి కలపండి. వానాకాలం కొర్రమీను, బొమ్మిడాయి లాంటివి గుడ్లు పెట్టేది ఇలాంటి లోతు లేని కొత్త నీటిలోనే.

ఒడ్డు వాలు 1:2 (ఒకటి ఎత్తుకు రెండు పక్కకు) కంటే నిటారుగా వద్దు, 1:3 ఉంటే మేలు. ఒకటి రెండు నిటారు మట్టి ఒడ్లను మాత్రం అలాగే వదిలేయండి, లకుముకి పిట్టలు, పసిరికి పిట్టలు బొరియలు చేసుకునేది వాటిలోనే. ఫిబ్రవరి నుంచి మే దాకా ఇసుక తిన్నెల మీద చితువ పిట్టలు గుడ్లు పెడతాయి, ఆ తిన్నె దగ్గర జేసీబీ పని ముందే ముగించండి.

### 7.4 పిచ్చి మొక్కలు తీయడం

గుర్రపుడెక్క పూర్తిగా తీసి ఒడ్డుకు దూరంగా ఆరబెట్టాలి. ఒడ్డునే కుప్ప పోస్తే తర్వాతి వాన మళ్లీ నీళ్లలోకి దించుతుంది. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు తీస్తే సగం ఖర్చు. సర్కారు తుమ్మను మొదలంటా కొడితే చాలదు, వేరుబుడిపెతో సహా పెకలించాలి. ఒడ్డు మొత్తం ఒకేసారి ఖాళీ చేయొద్దు, మట్టి కోసుకుపోతుంది. వంద మీటర్లు తీసి, అక్కడ నాటి, తర్వాతి వందకు కదలండి.

### 7.5 ఇప్పుడు మొక్కలు

- నీటి అంచున: తుంగ, రెల్లు. జమ్ము మురుగు మూతుల దగ్గరే, మిగతాచోట వదిలితే వాగునే కమ్మేస్తుంది.
- వాలు మీద: వట్టివేరు, వావిలి. మట్టి జారకుండా కొబ్బరి పీచు చాపలు.
- ఒడ్డు పైన: ఏరుమద్ది, కానుగ, నేరేడు, మేడి.
- కోత పడే మలుపుల దగ్గర: వెదురు. కల్వర్టుకు ఎగువన మాత్రం వద్దు, విరిగిన గెడలు వెళ్లి అడ్డంపడతాయి.

మట్టి కరకట్ట మీద పెద్ద చెట్లు నాటకండి. వేరు చచ్చాక దాని దారిలోనే నీళ్లు దూరి గండి పడుతుంది. కరకట్టకు గడ్డే మంచిది.

నాటే కాలం ఊరిని బట్టి మారుతుంది. కృష్ణా, గోదావరి వైపు ఒడ్డు పైన జులైలో, వాలు మీద వరదలు తగ్గాక అక్టోబర్ చివర్లో నాటండి. నెల్లూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల్లో పెద్ద వానలు నవంబర్‌లో వస్తాయి. 2021లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది నవంబర్ 19నే. అక్కడ వాలు మీద డిసెంబర్ తర్వాతే. హరితహారమో వనమహోత్సవమో తేదీ వచ్చింది కదా అని వాలు మీద నాటితే ఫొటో మిగులుతుంది, మొక్క మిగలదు.

## 8. డబ్బు, టెండర్

ఒకే పద్దు కోసం ఎదురుచూడకండి. కల్వర్టు, ఫ్లాప్ గేట్లకు రాష్ట్ర విపత్తు ఉపశమన నిధి. విపత్తు నిధుల్లో 20 శాతం ఉపశమనానికే కేటాయించారు, ప్రతిపాదన కలెక్టర్ ద్వారా వెళ్లాలి. మురుగు పనికి ఆర్థిక సంఘం గ్రాంట్లలో నీరు, పారిశుద్ధ్యానికి కట్టేసిన భాగం. గ్రామాల్లో కందకాలు, నాటడం ఉపాధి కూలీలతో. వాటి నియమాలు మారుతుంటాయి, ఆ ఏడాదివి ఎంపీడీవో ఆఫీసులో చూసుకోండి.

టెండర్‌లో నేను తప్పనిసరి అనుకునే షరతులు:

- నాటడం, మూడేళ్ల సంరక్షణ ఒకే ఒప్పందంలో
- నాటగానే 40 శాతం చెల్లింపు, మిగతాది ప్రతి ఏప్రిల్‌లో బతికిన మొక్కల లెక్కను బట్టి
- మట్టి పని మే 31కి ఆగిపోవాలి, సగం తవ్విన ఒడ్డుతో వానాకాలంలోకి వెళ్లకూడదు
- మొక్కల జాబితా మార్చాలంటే జీవవైవిధ్య కమిటీ సంతకం

చివరిది లేకపోతే కానుగ అని రాసినచోట కోనోకార్పస్ అనే పరాయి దేశపు మొక్క దిగుతుంది. నర్సరీలో అదే ముందు కనిపిస్తుంది, పచ్చగా ఉంటుంది, అడిగేవాడు ఉండడు.

## 9. తప్పు జరిగాక ఏం చేయాలి

మొదటి వానకే ఒడ్డు జారింది. వాలు నిటారుగా ఉంది, లేదా కింది పాదం కోసుకుపోయింది. పాదానికి రాళ్లు పేర్చి, పైన వట్టివేరు దగ్గర దగ్గరగా రెండు వరసలు వేయండి. మొత్తం కాంక్రీటు వేయాలని ఒత్తిడి వస్తుంది. వేస్తే ఆ కోత వందడుగుల కిందికి జరుగుతుంది తప్ప పోదు.

మొక్కలు మేకలు తిన్నాయి. కంచె ఖర్చు కంటే మేకలవాళ్లతో ఒప్పందం చవక. ఒక ముక్క మేతకు వదిలి, మిగతాది రెండేళ్లు కాపాడమనండి. కాపలా కూలీ వాళ్లింటికే ఇవ్వండి.

ఎవరో రాత్రికి రాత్రి మట్టి పోశారు. 24 గంటల్లో ఫొటో, పంచనామా, నోటీసు. వారం ఆగితే అది రేకుల షెడ్డు అవుతుంది, నెలకు కరెంటు మీటర్ వస్తుంది.

కోర్టు స్టే వచ్చింది. ఆ సర్వే నంబర్ వదిలి మిగతా పని సాగించేలా మొదటి నుంచే ముక్కలుగా అంచనాలు రాసుకుని ఉండాలి. ఒకే ప్యాకేజీ అయితే మొత్తం ఆగుతుంది.

## 10. రిజిస్టరు, ఏటా మే నెల తనిఖీ

పది చోట్ల స్థిరమైన ఫొటో పాయింట్లు పెట్టండి. అదే రాయి మీద నిలబడి, అదే దిక్కుకు, ఏడాదికి మూడుసార్లు ఫొటో. వంతెన స్తంభం మీద అడుగుల స్కేలు పెయింట్ చేయించి, వాన రోజుల్లో గంట గంటకూ మట్టం రాయడానికి ఒక మనిషిని పెట్టండి. రెండేళ్ల తర్వాత మీ ముంపు గీతను సరిదిద్దేది ఆ పుస్తకమే. బతికిన మొక్కల లెక్క అక్టోబర్‌లో, ఏప్రిల్‌లో. పక్షుల లెక్క జనవరిలో, దగ్గర్లో డిగ్రీ కాలేజీ జంతుశాస్త్రం పిల్లల్ని పిలిస్తే సంతోషంగా వస్తారు.

మే నెలలో:

- ప్రతి కల్వర్టు నోరు శుభ్రంగా ఉందా
- ఫ్లాప్ గేట్లు చేత్తో తెరిస్తే కదులుతున్నాయా
- హద్దురాళ్లు లెక్క సరిపోయిందా, ఎన్ని మాయమయ్యాయి
- వరద స్కేలు అంకెలు చీకట్లో టార్చి వేస్తే కనిపిస్తున్నాయా
- పునరావాస కేంద్రం తాళం ఎవరి దగ్గరుంది, ఆ ఫోన్ నంబర్ పనిచేస్తోందా
- ఎగువ చెరువుల అలుగు పారితే ముందు ఫోన్ ఎవరు చేయాలి

ఏఈ గానీ కమిషనర్ గానీ బదిలీ అయిన రోజు రిజిస్టరు, లెవెల్స్ పట్టిక, ఫొటోల పెన్‌డ్రైవ్ కొత్తవారికి సంతకంతో అప్పగించాలి. ఒకచోట మొత్తం లెవెల్స్ పాత ఏఈ సొంత ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయాయి. ఆయన ఫోన్ ఎత్తేదాకా, సర్వే మళ్లీ చేయించాలా వద్దా అన్న టెన్షన్‌తోనే మూడు నెలలు గడిచాయి. అప్పటికి జూన్ వచ్చేసింది.